జి ఉండాల్సిన చోట టి

అనంతపురం వైపు పల్లెల్లో చెనక్కాయ గింజలు ఏరడం చూశారా? చేటలో గింజలు పోసుకుని కూర్చున్న ఆడవాళ్లు వాటి వైపు పెద్దగా చూడరు. మాటలు మాటలే, వేళ్ల పని వేళ్లదే. ముడత పడ్డవి ఒక పక్కకు, పుచ్చినవి ఇంకో పక్కకు పోతుంటాయి. ఎక్కడో ఒక గింజ మీద పసుపులో ఆకుపచ్చ కలిసినట్టు బూజు కనిపిస్తుంది. అప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. దాన్ని బొటనవేలితో చిమ్మేస్తారు.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది తయారుచేసే విషం అఫ్లటాక్సిన్. బూజు పేరులోని రెండు ముక్కలకు విషం అనే మాట కలిపి ఆ పేరు పెట్టారు. ఈ విషం మన కాలేయంలోకి చేరితే, అక్కడి కణంలో ఒక జన్యువు రాతను మార్చగలదు. ఆ మార్పు చాలా చిన్నది. జి అనే అక్షరం ఉండాల్సిన చోట టి వస్తుంది, అంతే.

ఒక్క అక్షరం మారితే క్యాన్సర్‌కు దారి పడుతుందా? పడుతుందని మనిషి కణితిలో తొలిసారి తేల్చి చూపిన కొద్దిమందిలో హైదరాబాద్‌లో చదువుకున్న ఒక శాస్త్రవేత్త ఉన్నారు. పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఆయన చూసిన మార్పు కాలేయంలోది కాదు, మూత్రాశయంలోది. చెనక్కాయతో దానికి ఏ సంబంధమూ లేదు. మార్పు మాత్రం అదే, జి పోయి టి రావడం. ముందు ఆ సంగతి చూసి, తర్వాత చేట దగ్గరకు వద్దాం.

డీఎన్‌ఏ రాతలో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. ఒక్కో మాటకు ఒక్కో అమైనో ఆమ్లం (ప్రోటీన్ గొలుసులో ఒక పూస). మాటల వరుసను బట్టి పూసల వరుస, పూసల వరుసను బట్టి ప్రోటీన్ ఆకారం, ఆకారాన్ని బట్టి అది చేసే పని. మనిషి డీఎన్‌ఏ ఒక వరుసలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. వాటిలో తప్పు పడ్డ అక్షరం ఏదో ఎలా పట్టుకోవాలి? 1980 నాటికి ఈ ప్రశ్న కొలిక్కి రాలేదు. ఇప్పటిలా మొత్తం రాతను యంత్రం చదివేసే రోజులు కావవి.

ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లారు. బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో చేరాక ఆయన చెయ్యి తిరిగిన పని, వైరస్‌ల జన్యువులను అక్షరం అక్షరంగా చదవడం. ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చే మొలోనీ సార్కోమా వైరస్ మొత్తం రాతను చదివి 1981లో సైన్స్ పత్రికలో అచ్చువేశారు. ఆ రోజుల్లో చదవడం అంటే చేతిపని. డీఎన్‌ఏ ముక్కలను పలుచని జెల్లీ పలక మీద పరిగెత్తించి, వాటి ముద్రను ఎక్స్‌రే ఫిల్మ్ మీద తీసేవారు. ఆ ఫిల్మ్ మీది నల్ల గీతలను కింది నుంచి పైకి కంటితో చదివి కాగితం మీద రాసుకునేవారు. ఒక గీత దాటేస్తే ఆపైన మాటలన్నీ తప్పు. ఆయన తర్వాతి పనికి ఈ ఓపికే పెట్టుబడి అని నాకనిపిస్తుంది.

చదవడం సరే, ఏ జన్యువును చదవాలి? ఆ దారి జన్యు బదిలీ (ఒక కణం డీఎన్‌ఏను మరో కణంలోకి ఎక్కించడం) చూపింది.

పద్ధతి వినడానికి వంటింటి వ్యవహారంలా ఉంటుంది. క్యాన్సర్ కణాల నుంచి డీఎన్‌ఏ తీస్తారు. కాల్షియం ఫాస్ఫేట్ ఏర్పడేలా ద్రావణాలు కలిపితే డీఎన్‌ఏ దాంతో పాటు సన్నని రవ్వలా పేరుకుంటుంది. పళ్లెంలో పెంచుతున్న ఎలుక కణాల మీద ఆ రవ్వను పోస్తారు. కణాల్లో కొన్ని దాన్ని లోపలికి తీసుకుంటాయి. ఇందుకు వాడే ఎన్‌ఐహెచ్ 3టీ3 అనే ఎలుక కణాలకు ఒక మర్యాద ఉంది. పక్క కణం తగిలితే పెరగడం ఆపేస్తాయి. అందుకే పళ్లెం అడుగున చాప పరిచినట్టు ఒక్క పొరగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కణాల డీఎన్‌ఏ పోసినా అవి అలాగే ఉంటాయి. క్యాన్సర్ డీఎన్‌ఏ పోస్తే మాత్రం రెండు మూడు వారాలకు అక్కడక్కడా కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చిన్న చిన్న కుప్పలు పడతాయి. కుప్ప పడిందంటే, క్యాన్సర్ గుణాన్ని మోసిన జన్యువు అందులోకి దిగిందన్నమాట. కోట్ల అక్షరాల్లో వెతకక్కర్లేదు, కుప్పలో వెతికితే చాలు.

మసాచుసెట్స్‌లో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాల 1979లో ఎలుక కణాల డీఎన్‌ఏతోనూ, 1981లో మనిషి మూత్రాశయ క్యాన్సర్ డీఎన్‌ఏతోనూ ఈ పని చేసి చూపింది. 1982కల్లా మూడు ప్రయోగశాలలు ఆ జన్యువును విడదీసి పట్టుకున్నాయి. తీరా చూస్తే అది కొత్తదేమీ కాదు. ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చే హార్వే వైరస్‌లో అప్పటికే తెలిసిన రాస్ అనే జన్యువుకు మనిషి కణంలో ఉన్న చుట్టం. మనందరి కణాల్లోనూ అది ఉంది. మరి మంచి కణంలోని రాస్‌కూ, కణితిలోని రాస్‌కూ తేడా ఏమిటి? పొడవు ఒకటే. కత్తెరల్లా పనిచేసే ఎంజైములతో కోస్తే ముక్కలు కూడా ఒకే రకంగా పడుతున్నాయి.

ఇక్కడ చేసిన ఉపాయం నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. రెండు జన్యువులనూ ఒకే చోట కోశారు. మంచిదాని తల, చెడ్డదాని తోక అతికించారు. తర్వాత చెడ్డదాని తల, మంచిదాని తోక. ఒక్కో అతుకును ఎలుక కణాల మీద పోసి, కుప్ప పడుతుందా లేదా అని చూశారు. కుప్ప పడే గుణం ఏ ముక్క వెంట పోతోందో కనిపెట్టి, ఆ ముక్కను మళ్లీ కోశారు. చివరికి కొన్ని వందల అక్షరాల తునక మిగిలింది. ఇక చదవడమే. చదివితే ఆ ప్రోటీన్‌లోని 189 పూసల్లో 12వ పూసకు సంబంధించిన మాట మారి ఉంది. జి-జి-సి ఉండాల్సింది జి-టి-సి అయింది. గ్లైసిన్ రావాల్సిన చోట వాలిన్ వచ్చింది.

ఈ ఫలితం 1982 నవంబరులో నేచర్ పత్రికలో వెలువడింది. ఒకే సంచికలో, ఒకదాని వెనక ఒకటిగా రెండు వ్యాసాలు. మొదటిది వైన్‌బర్గ్ బృందానిది. రెండోదానికి మొదటి రచయిత ప్రేమ్‌కుమార్ రెడ్డి, చివరి పేరు ఆ జన్యువును విడదీసిన మూడు ప్రయోగశాలల్లో ఇంకోదాన్ని నడిపిన మారియానో బార్బాసిడ్‌ది. మూడో ప్రయోగశాల, మైకేల్ విగ్లర్ బృందం కూడా కొద్ది వారాల్లోనే అదే మాట చెప్పింది. ముగ్గురూ ఒకే అక్షరం దగ్గరకు చేరారు. తమాషా ఏమిటంటే, వైన్‌బర్గ్ వాడిన ‘ఈజే’ కణాలు, మిగతా ఇద్దరూ వాడిన ‘టీ24’ కణాలు వేరువేరు రోగులవని అప్పట్లో అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, ప్రయోగశాలల్లో చేతులు మారేటప్పుడు కలిసిపోయి రెండూ ఒకరివే అయిపోయాయి. మూడు బృందాలూ తెలియకుండానే ఒకే మనిషి కణితిని చదివాయి. ఫలితానికి దాని వల్ల ఢోకా రాలేదు. రాస్ జన్యువుల్లో 12వ మాట దగ్గర తప్పులు తర్వాత ఎన్నో క్యాన్సర్లలో కనబడ్డాయి.

ఒక్క పూస మారితే ఏమవుతుంది? రాస్ ప్రోటీన్‌ను బోరు మోటారు స్టార్టరుతో పోల్చవచ్చు. బయటి నుంచి ‘పెరుగు’ అని సంకేతం వస్తే అది ఆన్ అవుతుంది. పని కాగానే ఇంకో ప్రోటీన్ వచ్చి దాన్ని ఆఫ్ చేస్తుంది. ఆ ఆఫ్ చేసే ప్రోటీన్ తన వేలు లాంటి భాగాన్ని 12వ పూస పక్కనున్న సందులోకి దూర్చాలి. గ్లైసిన్ పూసలన్నిటిలోకి చిన్నది కాబట్టి వేలికి చోటు ఉంటుంది. వాలిన్ అంతకన్నా లావు. వేలు దూరదు, మోటారు ఆగదు. బావిలో నీళ్లున్నా లేకున్నా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక్క అక్షరం మారితే క్యాన్సరే అనుకోకూడదు. 3టీ3 కణాలు అప్పటికే చావు లేకుండా పెరగడం అలవాటు చేసుకున్నవి, సగం దారిలో ఉన్నవి. తాజాగా తీసిన కణాల మీద రాస్ ఒక్కటీ అంత పని చేయలేదని, తోడు ఇంకో జన్యువు కావాలని 1983లోనే తేలింది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పడ్డ తప్పులు కలిస్తేనే కణితి.

ఆ తర్వాత ప్రేమ్‌కుమార్ రెడ్డి 1987లో మొదలైన ఆంకోజీన్ పత్రికకు వ్యవస్థాపక సంపాదకుల్లో ఒకరయ్యారు. ఆంకోజీన్ అంటే క్యాన్సర్‌కు కారణమయ్యే జన్యువు. 1992 నుంచి ఫిలడెల్ఫియాలో ఫెల్స్ క్యాన్సర్ పరిశోధన సంస్థను నడిపారు, తర్వాత న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌కి మారారు. పదవుల జాబితా కన్నా ఫెల్స్ కాలపు ఒక ప్రయోగం ఎక్కువ చెబుతుంది. సీడీకే4 అనే ప్రోటీన్ కణం రెండుగా చీలడానికి పచ్చజెండా ఊపుతుంది. ఆ జన్యువును తీసేసిన ఎలుకలను పెంచారు. క్యాన్సర్ రాకుండా పోతుందేమో అనుకుంటాం కదా, ఆ ఎలుకలకు మధుమేహం వచ్చింది. ఇన్సులిన్ తయారుచేసే కణాలు పెరగడానికి ఆ ప్రోటీనే ఆధారం. అదే జన్యువులో ఆగకుండా పనిచేసే మార్పు పెట్టిన ఎలుకల్లో ఆ కణాలే మితిమీరి పెరిగాయి. 1999లో వెలువడిన ఈ వ్యాసంలో బార్బాసిడ్ పేరు మళ్లీ ఉంది, 17 ఏళ్ల తర్వాత. పెరగమనే జన్యువు శత్రువు కాదు, ఒంటికి కావలసిందే. మందు కనిపెట్టేవాళ్ల చిక్కు అక్కడే ఉంది.

ఆ చిక్కు రెడ్డికి స్వయంగా ఎదురైంది. ఆయన ప్రయోగశాల నుంచి రిగోసెర్టిబ్ అనే మందు వచ్చింది. ఆయన వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆంకోనోవా కంపెనీ దాన్ని రోగుల దాకా తీసుకెళ్లింది. అది ఎలా పనిచేస్తుంది? 2005లో చెప్పిన జవాబు, కణం చీలడానికి సాయపడే పీఎల్‌కే1 అనే ఎంజైమును ఆపుతుందని. 2016లో సెల్ పత్రికలో చెప్పిన జవాబు, రాస్ వెళ్లి పట్టుకునే చోటును ముందే ఆక్రమిస్తుందని. 2017లో కాలిఫోర్నియా బృందం ఒకటి, అదేమీ కాదు, కణంలోని సన్నని గొట్టాల అల్లికను విడగొడుతుందంది. అది మందు పని కాదు, అమ్మే సరుకులో కలిసిన మలినం పని అని 2020లో రెడ్డి బృందం జవాబిచ్చింది. శుద్ధమైన మందుతో చేసినా అదే ఫలితం వచ్చిందని అవతలివాళ్లు మళ్లీ రాశారు. ఒక రకం రక్త మజ్జ వ్యాధి రోగులు 299 మందితో చేసిన మూడో దశ పరీక్షలో మందు తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 8.2 నెలలు, తీసుకోనివారిది 5.9 నెలలు. అయితే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండవచ్చని గణాంకాలు చెప్పాయి. ఇంకో పెద్ద పరీక్ష కూడా 2020లో నెగ్గలేదు.

దీన్ని ఓటమి అని రాసేవాళ్లుంటారు. నేను అలా అనను. ఒక అక్షరం తప్పని చెప్పడానికి ఒక అతుకు, ఒక పళ్లెం, ఒక కుప్ప సాక్ష్యం చాలు. మందు పనిచేస్తోందని చెప్పడానికి మనుషులు ఎక్కువ కాలం బతకాలి. ఈ రెండు రుజువుల మధ్య దూరం ఎంతో రాస్ చరిత్రే చెబుతుంది. 12వ మాట తప్పు 1982లో తెలిసింది. రాస్ కుటుంబంలోని కేరాస్‌లో అదే 12వ చోట ఒక రకం తప్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నేరుగా తగిలే తొలి మందు సోటోరాసిబ్. దానికి అమెరికాలో అనుమతి 2021లో వచ్చింది. మధ్యలో 39 ఏళ్లు.

ఇక చేట దగ్గరకు వద్దాం.

చెనక్కాయ మొక్కకు ఒక వింత అలవాటు ఉంది. పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పూత నుంచి ఊడ దిగి మట్టిలోకి పోయి అక్కడ కాయ అవుతుంది. ఆస్పర్జిల్లస్ ఉండేదీ ఆ మట్టిలోనే. అంటే కాయ పుట్టినప్పటి నుంచీ బూజు దాని పొరుగిల్లే. మామూలుగా ఆ పొరుగు ఇబ్బంది పెట్టదు. గింజలో తేమ ఉన్నంతకాలం, బూజును అడ్డుకునే రసాయనాలను గింజే తయారుచేసుకుంటుంది.

ఆ తేమ దగ్గరే అనంతపురం ఇరుక్కుంటుంది. ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్ర నేల, లోతు తక్కువ, నీరు ఎక్కువసేపు నిలవదు. ఒకప్పుడు ఈ జిల్లాలో 7-8 లక్షల హెక్టార్లలో ఈ పంటే. జూన్, జూలైల్లో విత్తితే ఊడలు దిగి గింజ కట్టే వేళకు సెప్టెంబరు వస్తుంది. సరిగ్గా అప్పుడు మూడు వారాలు వాన మొహం చాటేస్తే నేల వేడెక్కుతుంది. గింజలో తేమ తగ్గుతుంది, దాంతో అడ్డుకునే రసాయనాలూ ఆగిపోతాయి. ఎండకు కాయ పొట్టు పగులుతుంది, చెదలు రంధ్రాలు చేస్తాయి. సుమారు 30 డిగ్రీల మట్టి వేడి బూజుకు హాయి. ఇలా పైకి నిక్షేపంగా కనిపించే కాయలోకి కూడా విషం పొలంలోనే చేరుతుంది. పీకిన కట్టె వామి వేసి ఉండగా అక్టోబరు వాన తడిపితే ఇంకొంత. మిషన్ పట్టేటప్పుడు గింజ విరగకుండా, తూకం కూడా పెరిగేలా కాయల మీద నీళ్లు చల్లే అలవాటు ఉంది. దాంతో మరికొంత.

ఇక కాలేయంలో ఏం జరుగుతుంది? అఫ్లటాక్సిన్ వచ్చినట్టే ఉంటే పెద్దగా హాని చేయదు. విషాలను విరిచి బయటకు పంపే కాలేయం ఎంజైములు దాన్ని పట్టుకుంటాయి. విరిచే క్రమంలో అది చురుకైన ముక్కగా మారి డీఎన్‌ఏలోని జి అక్షరానికి అతుక్కుంటుంది. కణం చీలేటప్పుడు రాతను నకలు తీసే యంత్రాంగం ఆ అతుకు దగ్గర తడబడి తప్పు అక్షరం వేస్తుంది. జి కాస్తా టి అవుతుంది. అంటే ఆ విషానికి పదును పెట్టేది మన కాలేయమే.

ఈ తప్పు ఒక జన్యువులో ఒక చోట మరీ ఎక్కువగా పడుతుందని 1991లో తేలింది. అప్పుడూ నేచర్ ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి చైనాలోని చిడాంగ్ రోగులది, ఇంకొకటి దక్షిణ ఆఫ్రికా వైపు రోగులది. రెండు చోట్లా తిండిలో అఫ్లటాక్సిన్ ఎక్కువ. ఆ జన్యువు పీ53. రాస్ మోటారు స్టార్టరు అయితే, పీ53 కావలి మనిషి. తప్పులు పడ్డ కణాన్ని చీలనివ్వదు, అవసరమైతే చంపేస్తుంది. దాని 249వ మాట ఎ-జి-జి, అది ఎ-జి-టి అవుతుంది. ఆర్జినిన్ స్థానంలో సెరీన్ వస్తుంది. కావలి మనిషి నిద్రపోతాడు. కాలేయ కణితిలో ఈ గుర్తు కనబడితే, రోగి తిన్న తిండి గురించి అది సాక్ష్యం చెప్పినట్టే.

హెపటైటిస్-బి తోడైతే లెక్క మారిపోతుంది. షాంఘైలో చేసిన అధ్యయనంలో కాలేయ క్యాన్సర్ ముప్పు అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి సుమారు 3 రెట్లు, హెపటైటిస్-బి ఒక్కటే ఉన్నవారికి సుమారు 7 రెట్లు. రెండూ ఉన్నవారికి దాదాపు 60 రెట్లు. పసిబిడ్డకు వేసే హెపటైటిస్-బి టీకా చెనక్కాయ విషం మీద కూడా పని చేస్తుందనడం వింతగా ఉంటుంది గానీ, ఈ అంకెల అర్థం అదే. ఒక్కసారిగా ఎక్కువ విషం తింటే జరిగేది వేరు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్ల పాలయ్యారు, 106 మంది చనిపోయారు. ఆ ఆచూకీ తీసింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఇలాంటి హఠాత్తు విషం కాదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చేరేది.

కొంచెం అంటే ఎంత? మన దేశంలో ఇంకా శుద్ధి చేయాల్సిన చెనక్కాయకు హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. పది క్వింటాళ్ల గింజల్లో కలిపి 15 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు ఉప్పులో కొద్ది భాగం. నేరుగా తినే గింజలకు ఐరోపా పెట్టిన హద్దు 4 మైక్రోగ్రాములే. పైగా విషం బస్తా అంతటా సమానంగా ఉండదు. వేల గింజల్లో ఒకటి రెండింట్లో విపరీతంగా, మిగతావాటిలో శూన్యంగా ఉండవచ్చు. అందుకే చేటతో ఏరడం చిన్న పని కాదు. చెడ్డ గింజను పక్కకు తీస్తే విషంలో చాలా భాగం దాంతో పోతుంది. నోటికి చేదు తగిలితే ఊసేయడం మంచిదే, కానీ విషానికి చేదు ఉండదు. వేయించినా పూర్తిగా పోదు.

దీనికి జన్యు బదిలీలోనే మందు వెతికినవారూ ఉన్నారు. ఆ సాధనం పుట్టుక విచిత్రమైనది. ఆగ్రోబ్యాక్టీరియం అనే మట్టి బ్యాక్టీరియా మొక్కలకు కంతులు తెప్పిస్తుంది. ఎలా తెప్పిస్తుందో 1977లో తెలిసింది. తన డీఎన్‌ఏ ముక్కను మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. మొక్కకు వచ్చే ఒక రకం కణితి అది, ప్రకృతి చేసిన జన్యు బదిలీ. శాస్త్రవేత్తలు కంతి తెచ్చే జన్యువులు తీసేసి, తమకు కావలసినవి పెట్టి అదే బ్యాక్టీరియాను బండిలా వాడుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పూజా భట్నాగర్-మాథుర్, కె.కె. శర్మ బృందం అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి చెనక్కాయలో రెండు రకాల జన్యువులు పెట్టింది. ఒకటి బూజును అడ్డుకునేది. రెండోది, బూజు లోపలికి వచ్చినా అది విషం చేసే జన్యువును నోరు మూయించేది. ప్రయోగశాలలో గింజల మీద బూజు పెంచి చూస్తే, మామూలు గింజల్లో వేలల్లో ఉన్న విషం వీటిలో చాలా తక్కువకు పడిపోయింది. ఆ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా వేసే జన్యు మార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే కాబట్టి, ఆ విత్తనం అనంతపురం వైపు కదిరి సంతకు రాలేదు. ఇప్పటికి చేతికందే ఉపాయాలు పాతవే. పూత దశలో జిప్సం చల్లితే పొట్టు గట్టిపడుతుంది. గింజ కట్టేటప్పుడు దొరికితే ఒక్క తడి. సమయానికి పీకడం, తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టడం.

ఏరగా పక్కన పడ్డ గింజలను ఎవరూ పారేయరు. ధర తగ్గించి నూనె మిల్లుకు అమ్ముతారు. గింజ ఆడించినప్పుడు విషంలో ఎక్కువ భాగం నూనెలోకి రాదు, చెక్కలో ఉండిపోతుంది. చెక్క ఆవుకూ గేదెకూ వేస్తారు. పశువు కాలేయం దాన్ని విరిచి, ఎం1 అనే ఇంకో రూపంలో కొద్ది భాగాన్ని పాలలోకి పంపుతుంది. పాలకు మన హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. ఆ పాలు తెల్లవారి అదే ఇంటి పొయ్యి మీద టీకి మరుగుతాయి. ఎం1 ఆ మరుగుకు చెక్కుచెదరదు.